ఇసిదోరాకి ఎడమ పక్క

లెమోనియాకి కోపం రావడమే అరుదు. వచ్చినదాన్ని దించుకోవడం మాత్రం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళ కిందట అక్క ఇసిదోరా మీద వచ్చిన కోపాన్ని అప్పటినుంచీ మోస్తూనే ఉంది. పొద్దున లేవగానే నడుం నొప్పితోపాటు అదీ గుర్తొచ్చేది. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేటప్పుడు, రెండు సందుల అవతల అక్క కూడా ఇదే వేళకి పెట్టుకుంటుందని తెలుసు కనుక, మళ్ళీ గుర్తొచ్చేది. అరవై దాటిన ఒంటరి మనిషి, ఉన్న ఒక్క తోబుట్టువుతో మాట మానేసి బతకడమంటే తేలికేం కాదు. అలిసిపోయింది. అలిసిపోయానని చెప్పుకోవాలంటే ఎవరో ఒకరు అడగాలి, అడిగేవాళ్ళు లేరు.

ఊరు హియోస్ దీవిలో దక్షిణాన, బంక కారే మస్తిహా చెట్ల మధ్య ఉంటుంది. ఇళ్ళన్నీ చలికి ముడుచుకున్నట్టు ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని ఉంటాయి. అలాంటి ఊళ్ళో ఒక మనిషిని తప్పించుకుని తిరగడం పెద్ద పనే. లెమోనియా ఆ పనిని శ్రద్ధగా చేసింది. అక్క పొద్దున బేకరీకి వెళ్తుందని తను మధ్యాహ్నం వెళ్ళి చల్లారిన రొట్టె తెచ్చుకునేది. అక్క చర్చిలో స్తంభం దగ్గర నిలబడుతుందని తను వెనకాల కొవ్వొత్తుల బల్ల చాటున నిలబడేది. పండగలన్నీ ఆ చాటునే గడిచిపోయాయి.

ఇసిదోరా ఆమెకంటే ఐదేళ్ళు పెద్ద. అమ్మ తోటలో చెట్ల కింద ఊడ్చుకుంటుంటే, చంటి లెమోనియాని వీపున కట్టుకుని తిరిగింది ఇసిదోరాయే. నడక నేర్పింది ఆవిడే, చాకు పట్టడం నేర్పిందీ ఆవిడే. తర్వాత ఇసిదోరా పందెలీస్‌ని పెళ్ళాడి రెండు సందుల అవతలికి వెళ్ళింది. లెమోనియా అమ్మ దగ్గర ఉండిపోయింది. ఆమెకి రెండుసార్లు సంబంధం వచ్చింది, రెండుసార్లూ అమ్మకి సుస్తీ చేసింది. మూడోసారి రాలేదు. అమ్మ పోయేనాటికి లెమోనియా జుట్టు తెల్లబడింది. ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ ఊరి బతుకంతా మస్తిహా బంకే. వేసవిలో చెట్టు బెరడు మీద గాట్లు పెడతారు. గాటు పెట్టినచోట చెట్టు బొట్టు బొట్టుగా కారి, కింద పరిచిన తెల్లమట్టి మీద పడి గట్టిపడుతుంది. ఏరడం, జల్లించడం, కడగడం అయ్యాక చలికాలమంతా ఆడవాళ్ళ పని. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కో గింజనీ చిన్న చాకుతో గోకి, అంటుకున్న మట్టీ బెరడూ తీస్తారు. చేతులు గింజల పని చూస్తుంటే నోళ్ళు ఊరివాళ్ళ పని చూస్తుంటాయి. ఆ బల్ల దగ్గర ఇసిదోరాది డేగ కన్నని పేరు. గింజని కిటికీ వెలుగుకి ఎత్తి, "ఇదిగో, ఇక్కడ వెంట్రుకంత మన్ను కూర్చుంది. దీన్ని గోకు, గింజని ఏడిపించకు," అని చెల్లెలికి చూపించేది.

మూడేళ్ళ కిందటి చలికాలంలో ఆ బల్ల దగ్గరే గొడవ మొదలైంది. ఆ రోజు ఆంగెలికో ఇంట్లో కూర్చున్నారు. ఆంగెలికో లెమోనియా ఈడుది. నోటికి గొళ్ళెం లేని మనిషే గానీ మనసు మంచిది. అందరూ పళ్ళేలు ముగించి పెడుతున్నారు. ఇసిదోరా పళ్ళెంలో ఎడమ అంచునంతా గింజలు మట్టిమట్టిగా అలాగే ఉన్నాయి. మిగతా పళ్ళెం అద్దంలా ఉంది.

"అక్కా, ఈ పక్కంతా అలాగే వదిలేశావేం?" అంది లెమోనియా.

అందులో ఏమీ లేదు. నలుగురిలో అనకుండా ఉండాల్సింది, అంతే. ఇసిదోరా పళ్ళెం వైపు చూసింది. ఆవిడకి అక్కడ తప్పేమీ కనిపించలేదు. డేగ కన్నుకి తప్పు కనిపించనప్పుడు తప్పు ఎత్తి చూపినవాళ్ళదే అవుతుంది.

"నువ్వా నాకు వంకలు పెట్టేది? చాకు పట్టడం నేర్పినదాన్ని నేను. పెళ్ళీ పెటాకులూ లేక అమ్మ కొంపలో కూర్చున్నదానివి, నీకేం తెలుసే పని సంగతి?"

బల్ల చుట్టూ చాకులు ఆగిపోయాయి. లెమోనియా తన పళ్ళెం తీసుకుని బయటికి నడిచింది. అమ్మ పక్కన గడిపిన ఏళ్ళన్నీ ఒక్క మాటలో పెంట మీద పడేసినట్టనిపించింది. సందులో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడింది. ఎవరూ వెనక రాలేదు.

ఆ తర్వాత మిగతా ఆడవాళ్ళు మాటామంతీ లేకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇసిదోరా పొయ్యిలో కట్టె వెయ్యడానికి లేవగానే, ఆవిడ పళ్ళెంలో ఎడమ పక్క గింజలు ఇద్దరు లాక్కుని గబగబా గోకేసేవారు. పెద్దావిడ, ఎందుకు బాధ పెట్టాలని. దాంతో తన పని ఎప్పటిలాగే ఉందని ఇసిదోరా నమ్మింది. ఆవిడ మంచికోసం నిజం చెప్పినది ఒక్క లెమోనియా, ఊళ్ళో చెడ్డదైంది కూడా లెమోనియాయే. మంచితనం ముసుగులో జరిగే ఇలాంటి పనులంటే నాకు ఒళ్ళు మంట.

గొడవ అయితే అయింది, ఈస్టర్ ఉపవాసాల ముందు వచ్చే క్షమాపణల ఆదివారం ఉంది కదా అనుకుంది లెమోనియా. ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ ఊళ్ళో ఒక పద్ధతి నడుస్తుంది. ప్రతి కుటుంబంలో చిన్నవాళ్ళు, వయసు ఎంతైనా సరే, రెండు వరుసలుగా నిలబడతారు. పెద్దవాళ్ళు ఫాదర్ దగ్గర్నుంచి గుమ్మం దాకా ఆ వరుసల మధ్య నడుస్తారు. చిన్నవాళ్ళు నోరెత్తకుండా చెయ్యి చాచాలి. పెద్దవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని ముందు తామే "క్షమించు" అనాలి. అప్పుడు చిన్నవాళ్ళు "దేవుడు క్షమిస్తాడు, నన్నూ క్షమించు" అంటారు. పక్క ఊళ్ళో ఇలా కాదు, అందరూ ఒకేసారి మీద పడి గోలగోలగా ముద్దులు పెట్టుకుంటారు. వాళ్ళు నయం.

లెమోనియా నడిచి వచ్చేవాళ్ళకి ఎడమ పక్క వరుసలో నిలబడింది. అక్క వస్తుంటే చెయ్యి చాచింది. ఇసిదోరా దగ్గరికొచ్చింది. పెదవులు బిగించి ఉంది, కనుబొమ ఎత్తి ఉంది. ఆగలేదు. లెమోనియా చేతివేళ్ళకి అక్క నల్లకోటు అంచు తగిలీ తగలకుండా తగిలింది. ఇసిదోరా గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి జనంలో ఎవరినో వెతికినట్టు చూసి, బయటికి వెళ్ళిపోయింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఊరంతా చూసింది.

ఉపవాసాల్లోకి మొహం తిప్పుకుని వెళ్ళినవాళ్ళ గురించి ఆ ఊళ్ళో ఏమనుకుంటారో అదే అనుకున్నారు. ఇసిదోరాకి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. ఆవిడ ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు, చేసినావిడకి తెలియదా అని. ఇసిదోరా కూడా ఎత్తలేదు. అదే లెమోనియాని ఎక్కువ మండించింది. తిట్టినా బాగుండేది. ఎత్తిన ఆ కనుబొమ మూడేళ్ళపాటు లెమోనియా కళ్ళముందే ఉంది. దాన్ని చూశానని కొవ్వొత్తి ముట్టించి ఒట్టు వెయ్యమన్నా వేసేది.

*

పోయిన శరదృతువులో ఇసిదోరాని మోపెడ్ గుద్దింది. చర్చి పక్క సందులోంచి, ఆవిడ ఎడమవైపు నుంచి వచ్చింది. తోలినవాడు హారన్ కొట్టానన్నాడు, ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి కానీ బండి ఎటునుంచి వస్తోందో చూడలేదు. మణికట్టు వాచింది. ఆంగెలికో ఆవిడని బస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కట్టు కట్టిన డాక్టరు ఇదేదో తేడాగా ఉందని ఆవిడని కంటి విభాగానికి పంపాడు. సాయంత్రం తిరిగొచ్చిన ఆంగెలికో కోటు కూడా విప్పకుండా నేరుగా లెమోనియా ఇంటికొచ్చింది.

"కూర్చోవే, చెప్తాను. ముందు మంచినీళ్ళియ్యి."

లెమోనియా గ్లాసు నీళ్ళలో, చెంచాకి అంటించిన ముద్దలాంటి మస్తిహా మిఠాయి ముంచి ఇచ్చింది. ఆంగెలికో చెంచా నాకుతూ మొదలుపెట్టింది.

"మీ అక్కకి నీటికాసులట. గ్లకోమా అంటున్నారు. తెల్లటి పెద్ద గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించారు. లోపల చిన్నచిన్న దీపాలు వెలుగుతాయి, కనిపించినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. మీ అక్క ఎంతకీ నొక్కదు. నేను పక్కనుంచి 'నొక్కక్కా, నొక్కు' అంటుంటే, 'వెలగందే ఏం నొక్కమంటావే' అని నామీద అరిచింది. నన్ను బయటికి పంపేశారు."

"బాగా చేశారు."

"ఆ, నీకలాగే ఉంటుంది. తర్వాత డాక్టరమ్మ బొమ్మ చూపించింది. ఎడమ కంట్లో చూపు ఇంతే మిగిలింది, దోసగింజంత. కుడి కంట్లో ముక్కు పక్కనున్న భాగం పోయింది. రెండూ కలిసేసరికి ఎడమవైపు మొత్తం లేదు. కంటి లోపల చుండులాంటి పొట్టు రాలుతుందట, నీరు బయటికి పోయే జల్లెడలో అది అడ్డం పడుతుందట. నీరు పోయే తలుపు తెరిచే ఉందట, దాని వెనక జల్లెడే పూడిందట. ఒత్తిడి పెరిగి నరం చచ్చింది."

లెమోనియా గ్లాసు కడగడానికి లేచింది. గొంతు మామూలుగానే పెట్టింది.

"గింజ మీద వెంట్రుకంత మన్ను కనిపిస్తుంది ఆవిడకి. చర్చిలో పక్కన నిలబడ్డ చెల్లెలు కనిపించలేదంటే నేను నమ్మాలా?"

"అదే నేనూ అడిగానే! నడుమ చూపు మిగిలిందట. సూటిగా చూసింది చీమైనా కనిపిస్తుంది. పక్కనున్నది ఏనుగైనా కనిపించదు. పోనీ నల్లగా కనిపిస్తుందా అంటే అదీ కాదు, మనసే పక్కనున్న రంగు తెచ్చి పూసేస్తుందట, గోడ ఉంటే గోడ, జనం ఉంటే జనం. అందుకే ఇన్నాళ్ళు మీ అక్కకే తెలియలేదు."

"పూయడం బాగానే ఉంది."

"ఆ ఆదివారం నా చెయ్యీ చూడలేదే. నేనూ ఎడమ వరుసలోనే ఉన్నా. మోచెయ్యి పట్టుకుని లాగాను కాబట్టి ఆగింది. నువ్వు లాగలేదు."

"చిన్నవాళ్ళం మనం లాగకూడదు."

"అవునమ్మా, పద్ధతి! పద్ధతులన్నీ నీ దగ్గరే ఉన్నాయి." ఆంగెలికో లేచి కోటు సర్దుకుంది. "కుట్టేవాడికి కుడి పక్క, చీదేవాడికి ఎడమ పక్క ఉండకూడదంటారు. ఇకనుంచి ఇసిదోరాకి ఎడమ పక్క ఉండకూడదని కూడా కలుపుకుందాం. అన్నట్టు, అసలు సంగతి. ఇది రక్తంలో వస్తుందట. తోబుట్టువులుంటే తప్పకుండా చూపించుకోమంది డాక్టరమ్మ. మీ అక్క నీకు చెప్పమంది."

"ఆవిడ చెప్పమందా?"

"చెప్పమంది. 'నా మాట వినదు, నీ మాటగా చెప్పు' అంది. నేను అబద్ధం చెప్పలేను కనుక ఆవిడ మాటగానే చెప్తున్నా."

"నా కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు. కళ్ళద్దాల షాపులో ప్రెజర్ చూశారు, మామూలే అన్నారు. ఆ రోజు నా ముందు నుంచి ఎవరు మొహం ఎత్తుకుని వెళ్ళిపోయారో కూడా బాగానే చూశానని చెప్పు."

ఆంగెలికో చెప్పింది. మాట పొల్లు పోకుండా చెప్పి ఉంటుంది, ఆమె సంగతి తెలిసిందే. తర్వాత చాలారోజులు అటునుంచి ఏ కబురూ రాలేదు.

నిజానికి లెమోనియా కళ్ళు బాగానే ఏమీ లేవు. ప్రార్థన పుస్తకంలో అక్కడక్కడా అక్షరాలు జారిపోతున్నాయి. పంక్తి మధ్యలో ఒక ముక్క కనిపించదు, తల కాస్త తిప్పితే మళ్ళీ ఉంటుంది. బల్బు మార్చింది. రెండోసారి ఇంకా పెద్దది వేసింది. గింజ గోకుతుంటే చాకు మొన మాయమై, తర్వాత బొటనవేలి మీద నెత్తురు కనిపించేది. వయసు అనుకుంది, చలి అనుకుంది. షాపువాడు మామూలే అన్న మాటని తాయెత్తులా పట్టుకుని కూర్చుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని గింజలు ఏరుకుంటోంది. సందులో అడుగుల చప్పుడైంది. ఆ అడుగులు ఎవరివో చూడకుండానే చెప్పగలదు. తెర పక్కకి జరిపి చూసింది. ఇసిదోరా ఎడమ చెయ్యి గోడ మీద రాస్తూ నడుస్తోంది. ఆ గోడ కిందే లెమోనియా నూనెడబ్బాలో పెంచుతున్న తులసి మొక్క ఉంది, అక్కడున్నట్టు ఊరందరికీ తెలుసు. ఇసిదోరా కాలు దానికి సూటిగా తగిలింది. డబ్బా దొర్లింది. ఇసిదోరా బిత్తరపోయి నిలబడి, తల మెల్లగా అంతా అటు తిప్పి, వంగి, తడుముకుంటూ డబ్బాని లేపి నిలబెట్టింది. ఒలికిన మట్టిని దోసిలితో ఎత్తి మళ్ళీ పోసింది. తర్వాత తలుపు దగ్గరికొచ్చింది. తట్టలేదు.

"లెమోనియా," అని పిలిచింది. "లోపలే ఉన్నావని తెలుసు. తలుపు తియ్యకు, మానెయ్. నేను నీతో మాట్లాడించుకోవడానికి రాలేదు. కళ్ళు చూపించుకోవే. పోయిన చూపు మళ్ళీ రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవడమే అట. అమ్మ కూతుళ్ళలో ఒకత్తి గుడ్డిదైతే చాలు."

లెమోనియా తలుపు ఇవతల గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. తియ్యాలనిపించింది. కానీ అక్క ఇంకో మాట కూడా అంటుందేమోనని ఆగింది, ఆ ఆదివారం గురించి. ఇసిదోరా అనలేదు. గోడ రాసుకుంటూ వెళ్ళిపోయింది. లెమోనియా బయటికి రాలేక, లోపల కూర్చోలేక, ఆ పూట గింజ ముట్టుకోలేదు.

మర్నాడు ఆంగెలికోని పిలిచి, తనకీ ఆసుపత్రిలో పేరు రాయించమంది. అక్క మాట విని కాదు, నా కళ్ళు బాగున్నాయని కాగితం మీద రాయించుకొచ్చి ఆవిడ మొహాన కొడతానంది. ఆంగెలికో సరేనంది. ఇసిదోరా మళ్ళీ చూపించుకోవాల్సిన రోజుకే ఇద్దరికీ కలిపి రాయించింది. ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

*

అది మాంసం కాల్చే గురువారం. ఉపవాసాలు దగ్గరపడ్డాయని ఆ రోజు దీవి మొత్తం వీధుల్లో నిప్పులు పెట్టి మాంసం కాలుస్తారు. బస్సు ఎక్కగానే ముందు సీట్లో అక్క కనిపించింది. లెమోనియా వెనక్కి తిరిగి దిగబోతే ఆంగెలికో గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దిగితే నన్ను తొక్కుకుని దిగు. ఇసిదోరక్కా, నీ చెల్లెలు వచ్చింది. కుడి పక్కనుంది, చూడు."

ఇసిదోరా తల తిప్పి చూసింది. లెమోనియా వెనక సీట్లో కూర్చుంది. ఆంగెలికో దారి పొడుగునా ఇద్దరికీ కలిపి ఒక్కతే మాట్లాడింది.

ఆసుపత్రిలో లెమోనియా తల గిన్నెలో పెట్టించారు. ఎదుటి చుక్కనే చూడమన్నారు. దీపాలు చుట్టూ వెలుగుతున్నాయి, కిందా పైనా పక్కలా. నొక్కుతూ పోయింది. ఆంగెలికో చెప్పినంత కష్టమేం లేదనుకుంది. కానీ మధ్యమధ్య మిషను ఆగిపోతోంది, ఎంతసేపటికీ ఏ దీపమూ వెలగదు.

"అమ్మా, మీ మిషను పాడైనట్టుంది," అంది.

"బాగానే ఉందండీ. చుక్కనే చూడండి," అంది మిషను దగ్గరున్న అమ్మాయి.

అప్పుడు లెమోనియాకి తట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయన్నమాట.

డాక్టరమ్మ వయసు చిన్నదే. రోజంతా కళ్ళు చూసి చూసి తనే కళ్ళు నలుపుకుంటోంది. రెండు బొమ్మలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"మీ ప్రెజర్ మామూలుగానే ఉందమ్మా. షాపువాళ్ళు అబద్ధం చెప్పలేదు. కానీ ప్రెజర్ మామూలుగా ఉండి కూడా నరం సన్నబడిపోయే రకం ఒకటుంది. మీది అదే. నరం అంచున చిన్న నెత్తుటి చార కూడా కనిపిస్తోంది. మీ అక్కగారిదీ మీదీ ఒకే ఇంటి జబ్బు, తీరు వేరు. ఆవిడకి అంచుల నుంచి తింటూ వచ్చింది, ఎడమ కన్ను మరీ. మీకు అంచులన్నీ బాగున్నాయి. నడుమకి కాస్త పైన, రెండు కళ్ళలోనూ, చిల్లు పడింది."

"నాకు చిల్లేమీ కనిపించడం లేదు."

"ఎవరికీ కనిపించదు. నా ముక్కు చివర చూడండి. కళ్ళు కదపకండి. నా కనుబొమలు ఎలా ఉన్నాయి?"

"మామూలుగానే ఉన్నాయి."

"ఇప్పుడు కళ్ళెత్తి చూడండి."

లెమోనియా కళ్ళెత్తింది. డాక్టరమ్మ కనుబొమల మీద అడ్డంగా ఒక తెల్ల కాగితం ముక్క పెట్టుకుని ఉంది. ఎప్పుడు పెట్టుకుందో తెలియదు.

"కనిపించనిచోట మనసు తనకి తోచింది వేసుకుంటుంది," అంది డాక్టరమ్మ కాగితం తీసేస్తూ. "మామూలు మొహమనుకుంటే మామూలు మొహం వేస్తుంది."

"కోపంగా ఉందనుకుంటే?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. లెమోనియా మళ్ళీ అడగలేదు. ఇంకొకటి అడిగింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"సరిగ్గా చెప్పలేం. ఏళ్ళే అయుంటుంది. చుక్కలు రాస్తున్నాను, రోజూ తప్పకుండా వేసుకోండి. పోయింది తెచ్చివ్వలేను. మిగిలింది నిలబెట్టడానికి చూద్దాం."

చేతిలో చీటీతో బయటికొచ్చింది లెమోనియా. అక్క మొహాన కొట్టాలనుకున్న కాగితం ఇదే. వరండా గోడకి ఆనుకుని నిలబడి ఆ ఆదివారం నాటి అక్క మొహాన్ని మళ్ళీ కళ్ళముందుకి తెచ్చుకుంది. పెదవులు ఉన్నాయి. అవి నిజంగా చూసింది. కనుబొమ కూడా వచ్చింది, ఎప్పటిలాగే ఎత్తుకుని. అది తను చూసిందో, వేసుకుందో ఇప్పుడు చెప్పలేకపోయింది. చర్చి వెలుతురు తక్కువ. తను అక్క నోటి వంకే చూస్తోంది, క్షమించు అంటుందేమోనని. మూడేళ్ళు చల్లారిన రొట్టె తిన్నది ఆ కనుబొమ కోసమే. ఏడుపు రాలేదు, నీరసం వచ్చింది.

బస్టాపు ఆసుపత్రి ఎదురుగానే ఉంది. వీధంతా మాంసం కాలిన పొగ. ఇసిదోరా బెంచీ మీద కూర్చోకుండా నిలబడి, రోడ్డు కుడి చివర వైపు చూస్తోంది. ఆంగెలికో పొగ కమ్ముకున్న కొట్టు దగ్గర, పుల్లలకి గుచ్చిన మాంసం కోసం ఎవరితోనో తగువాడుతోంది. లెమోనియా వీధి దాటి మెల్లగా వచ్చింది. కావాలనే వచ్చి అక్కకి ఎడమ పక్కన నిలబడింది. ఆ రోజు చర్చిలో ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో.

చెయ్యి చాచింది.

నోరెత్తలేదు, ఊరి పద్ధతి ప్రకారం. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. చెయ్యి అక్క కోటుకి జానెడు దూరంలో ఉంది. ఆ చేతి మీద చాకు కోసిన గాట్లు లెమోనియాకే కనిపిస్తున్నాయి.

ఇసిదోరా కదల్లేదు. కాసేపటికి కొట్టువైపు కేకేసింది.

"ఆంగెలికో! లెమోనియా ఇంకా రాలేదేమే? లోపల ఏమన్నా చెప్పారంటావా దానికి? వెళ్ళి చూడవే తల్లీ, నాకు కాళ్ళాడటం లేదు."

ఆంగెలికో పొగలోంచి ఇటు చూసి, ఏదో అనబోయి, నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

"అమ్మకి ఏం చెప్పుకోను," అంది ఇసిదోరా తనలో తనే. "ఆ పళ్ళెం దగ్గర అన్న మాటకి క్షమించమందామని ఆ ఆదివారం కూడా వెతికాను. అప్పుడూ ఇలాగే రాలేదు."

లెమోనియాకి చెయ్యి నొప్పి పుట్టింది. అయినా దించలేదు. మూడేళ్ళ కిందటి చెయ్యీ ఇదే, పక్కనే ఉండి కనపడకపోవడమూ ఇదే. ఇంతకంటే రుజువు ఏ కాగితమూ ఇవ్వదు. అక్క మొహం వైపు చూసింది, ఈసారి నోటి దగ్గర ఆగకుండా కళ్ళు కదుపుతూ, పైదాకా. కనుబొమలు రెండూ కిందికే ఉన్నాయి. నెరిసిపోయి, ముడిపడి, భయపడుతున్న మనిషి కనుబొమలు.

అప్పుడు అక్క వెనకనుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చింది. చెయ్యి చాచింది.

ఇసిదోరా ఉలిక్కిపడింది. చేతిని చూసింది, చెయ్యి మీద గాట్లు చూసింది, తర్వాత మొహం చూసింది.

"ఇవాళ గురువారమే," అంది. "ఆదివారం ఇంకా రాలేదు."

"తెలుసు."

"ఎప్పుడొచ్చావు?"

"ఇందాకే వచ్చాను. అటు పక్క నిలబడ్డాను."

ఇసిదోరా తల మెల్లగా ఎడమకి తిప్పింది. అక్కడ ఖాళీగా ఉన్న పేవ్‌మెంట్ వైపు చాలాసేపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడకి అంతా అర్థమైంది, ఇవాళ్టిదీ, అప్పటిదీ. కట్టు విప్పిన చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"క్షమించవే."

"దేవుడు క్షమిస్తాడు. నన్నూ క్షమించు అక్కా. నీ మొహంలో లేనిది చూశాను."

"నీకూ ఉందా? చెప్పారా?"

"ఉంది. నాది నడుమ. చుక్కలు రాశారు."

ఇసిదోరా చెల్లెలి తల దగ్గరికి లాక్కుని, వీపు నిమిరింది. బస్సు కోసం వచ్చిన జనం, ఆదివారం కాని రోజున ఈ ముసలాళ్ళకి ఏమైందా అని చూశారు. ఆంగెలికో మూడు పుల్లల మాంసం పట్టుకుని వచ్చి, "ఏడుపు తర్వాత ఏడవచ్చు, చల్లారిపోతుంది, తినండి," అంది. తనూ కళ్ళు తుడుచుకుంది. పొగ అంది.

బస్సు వచ్చింది. ఎక్కేముందు లెమోనియా మళ్ళీ చుట్టూ తిరిగి అక్కకి ఎడమ పక్కకి వెళ్ళి, మోచెయ్యి పట్టుకుంది.

"అటెందుకే? అటుంటే నువ్వు కనిపించవు," అంది ఇసిదోరా.

"కనిపించకపోతే పోనీ. పట్టుకునే ఉన్నాగా. మెట్టు ఎత్తుగా ఉంది, కాలెత్తు."